ఆరు నుంచి లెక్క

ఆటోనగర్ మూడో క్రాసులో
మా లేతు షెడ్డు షట్టరు మీద
సుద్దముక్కతో రాశాను:
"రాకెట్లు చేద్దాం. ఆదివారం రండి."
సోమవారానికి ఎవరో కింద రాసిపోయారు:
"దీపావళి అయిపోయింది బాబాయ్."

తారాజువ్వ కాదయ్యా.
తారాజువ్వ వెళ్ళిపోతుంది.
మాది తిరిగొస్తుంది.
ఆ ఒక్క తేడా కోసమే
నాలుగేళ్ళుగా ఆదివారాలు తగలేస్తున్నాం.

ఒళ్ళంటారా, వస్త్రలతలో తాను అయిపోయాక
పారేసే అట్టగొట్టం.
కొట్టు కొట్టూ తిరిగి సన్నటివి ఏరుకొస్తాం.
ముక్కుకి కొండపల్లి తెల్లపొణికి,
అంబారీ ఏనుగుకి పనికిరాని ముక్క.
లేతు మీద పెడితే వెన్నలా రాలుతుంది.
ఇనుము తిప్పి కాయలు కాసిన చేతులు కదా,
ఆ మెత్తదనానికి మొదట్లో భయమేసింది.

గొడుగు నాగుల్‌మీరా గారు కుడతారు.
వన్‌టౌన్‌లో ముప్పయ్యేళ్ళు
నిజం గొడుగులు బాగుచేసిన చెయ్యి.
పారాచూట్ కుట్టడం ఎలా తెలిసిందంటే
"వాన కింది నుంచి కురుస్తుందనుకున్నా" అంటారు.

మందు మాత్రం మేం కూరం.
సీలు వేసిన మోటార్లు కొంటాం,
స్టేషన్లో కాగితం పెడతాం.
ఎస్సై గారు రెండుసార్లు చదివి
"ఇంతకీ ఎందుకండీ ఇది?" అన్నారు.
బడి ల్యాబులో ఇరవై ఆరేళ్ళు
పరీక్షనాళికలు కడిగిన ఎస్తేరు గారు
"పైకి చూట్టానికండీ" అంది.
స్టాంపు పడింది.

గన్నవరం వైపు వద్దనుకున్నాం,
అక్కడ ఆకాశానికి వేరే ఆసాములున్నారు.
జి.కొండూరు దాటి ఎడమకు తిరిగితే
మినుము పీకేసిన చేను.
రైతు బసవపూర్ణయ్య అద్దె అడగలేదు,
పోయిన తన ఎద్దు పేరు
ఒక రాకెట్టుకి పెట్టమన్నాడు.
పాలగాడు
మూడొందల అడుగులు ఎక్కాడు,
దిగేటప్పుడు మామిడితోటలో చిక్కాడు.
"బతికుండగానూ అంతే, తిన్నగా ఇంటికి రాడు"
అని నిచ్చెన తేవడానికి వెళ్ళాడాయన.

మేం ఆరుగురం.
తలా ఒక అంకె.
అందుకే మా లెక్క ఆరు నుంచి మొదలు.
ఆరు ఎస్తేరు గారిది, అయిదు మీరా గారిది.
మూడూ రెండూ కవలలు వల్లిక, వకుళలవి,
ఒకళ్ళ అంకె ఒకళ్ళు లాక్కుంటారు.
ఒకటి నాది.
నాలుగు బాజీది.

బ్యాటరీ షాపు కుర్రాడు.
మా స్విచ్చుపెట్టె వాడి చేతిపనే.
వాడికి మాట తడబడుతుంది.
న... న... అంటూ
అంకె గొంతులో అడ్డంగా నిలబడుతుంది.
ఎవరం అందివ్వం.
చెప్పుల్లోకి మోళ్ళు గుచ్చుకుంటుంటాయి,
గట్టు మీద కొంగ మెడ తిప్పి చూస్తుంది,
ఒకసారైతే మబ్బొచ్చి
దాటిపోయింది కూడా.

అప్పుడు,
"నాలుగు."

అందరి నాలుగు కన్నా
మా నాలుగు పొడుగు.
దాని తర్వాత మూడు, రెండు, ఒకటి
ఊరికే జారిపోతాయి.
బుస్సుమని ఒక తెల్లగీత.
తలెత్తేలోపే సగం అయిపోతుంది.
మిగతా సగం ఇదీ:
ఎర్రగుడ్డ విచ్చుకోవడం,
అది ఎటు పోతుందో అని
అరవై ఏళ్ళవాళ్ళూ పన్నెండేళ్ళవాళ్ళూ
ఒకే తీరున నోరు తెరిచి పరిగెత్తడం.

లెక్కలు రావా? ఎస్తేరు గారు చెబుతుంది.
డబ్బుల్లేవా? అట్టగొట్టం ఊరికే వస్తుంది.
చిన్నప్పుడు రేడియో విప్పి
మళ్ళీ బిగించలేక తన్నులు తిన్నారా?
అయితే మీరు మావాళ్ళే,
ఇన్నాళ్ళూ ఎక్కడున్నారు?
నా మోకాళ్ళు అరిగాయి,
పరిగెత్తేవాళ్ళు కావాలి.
ఏడు ఖాళీగా ఉంది.
ఎనిమిదీ, తొమ్మిదీ కూడా.
పది గురించి ఇంకా ఆశపడలేదు.

నిన్న షట్టరు దించబోతుంటే
ఆ దీపావళి మాట కింద
అదే దస్తూరీ:
"ఎన్నింటికి?"

జవాబు బాజీ రాశాడు.
"నాలుగున్నరకి. గాలి లేవకముందే."
సుద్దముక్క చేతికిస్తే
వాడికి తడబాటు లేదు.